చీకట్లో 30 సెకన్లు తెరిచినా ఫోటో రావట్లేదంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బాగా చీకటి పడ్డాక ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, నీళ్లకు అవతల ఉన్న కొండల్నీ వాటి కింద వెలిగే దీపాల్నీ తీస్తున్నారు. 30 సెకన్లు షట్టర్ తెరిచినా ఆకాశం నల్లగా ఉంటోంది, కొండలు కనపడటం లేదు, దీపాలు మాత్రం తెల్లటి ముద్దల్లా వస్తున్నాయి. ఇంకాసేపు తెరవాలా, ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) పెంచాలా?

రెండూ వద్దు. ముందే వెళ్లండి. చాలా ఏళ్లుగా ఇలాంటి ఫోటోలే తీస్తున్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను, మీ ఇబ్బంది సెట్టింగుల్లో లేదు, వేళలో ఉంది.

దీపాల వెలుగు సాయంత్రమైనా అర్ధరాత్రైనా ఒకటే. మారేదల్లా ఆకాశం. సూర్యుడు దిగిన వెంటనే ఆకాశం ముందు దీపాలు వెలవెలబోతాయి. పూర్తిగా చీకటి పడ్డాక దీపాలే మిగులుతాయి. ఈ రెంటికీ మధ్య ఒక పావుగంట, ఇరవై నిమిషాల పాటు ఆకాశం వెలుగూ దీపాల వెలుగూ దాదాపు సమానంగా ఉంటాయి. ఒకే ఎక్స్‌పోజర్‌లో, అంటే షట్టర్ ఒక్కసారి తెరిచి తీసే ఫోటోలో, రెండూ ఇమిడేది అప్పుడే. ఆ సమయం దాటాక మీరు 30 సెకన్లు కాదు, 3 నిమిషాలు తెరిచినా కొండలతో పాటు దీపాలూ అంతే పెరుగుతాయి. వాటి మధ్య తేడా అలాగే ఉంటుంది. ఐఎస్‌ఓ పెంచినా అంతే. మనం చూసి ముచ్చటపడే ‘రాత్రి’ ఫోటోల్లో చాలావరకు నిజానికి రాత్రి తీసినవి కావు.

ఆ వేళను నేను గడియారంతో కాకుండా సూర్యుడి కోణంతో లెక్కపెట్టుకుంటాను. ఏ రోజు ఎన్ని గంటలకు సూర్యుడు ఎన్ని డిగ్రీల కింద ఉంటాడో చెప్పే ఫోన్ యాప్‌లు ఉన్నాయి. దిగంతానికి 6 డిగ్రీల కిందికి వెళ్లేవరకు ఉండేది సివిల్ ట్వైలైట్, 12 వరకు నాటికల్, 18 వరకు ఆస్ట్రనామికల్. చిక్కటి నీలం దొరికేది సుమారు 4 నుంచి 8 డిగ్రీల మధ్య. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, భూమధ్యరేఖ దగ్గర్లో సూర్యుడు దాదాపు నిలువుగా దిగిపోయి ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలే తీసుకుంటాడు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దారి ఏటవాలుగా ఉంటుంది, సంధ్య సాగుతుంది. అందుకే ‘అస్తమయం తర్వాత అరగంట’ లాంటి సలహా అన్ని చోట్లా పనికిరాదు.

ఆ నీలం గురించి ఒక మాట. ఎడిటింగ్‌లో పూశారని చాలామంది అనుమానిస్తారు. కాదు. అస్తమయం తర్వాత సూర్యకాంతి ఓజోన్ పొరలోంచి చాలా దూరం ఏటవాలుగా ప్రయాణిస్తుంది. నారింజ, ఎరుపు వైపు రంగుల్ని ఓజోన్ కొంత పీల్చేసుకోవడంతో నెత్తి మీది ఆకాశం అలా నీలంగా ఉంటుంది. పగటి నీలానికి గాలి అణువులు కాంతిని చెదరగొట్టడం కారణం. సంధ్య నీలంలో పెద్ద వాటా ఓజోన్‌దని హల్బర్ట్ అనే శాస్త్రవేత్త 1953లో చూపించాడు.

ఇక ఎక్స్‌పోజర్. ఐఎస్‌ఓ 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో చెప్పే అంకె) పెట్టుకుంటే అస్తమయం వేళకు అర సెకను చుట్టుపక్కల సరిపోతుంది. సూర్యుడు 6 డిగ్రీలు దిగేసరికి అదే 30 సెకన్లు దాటుతుంది. అంటే సంధ్య త్వరగా ముగిసే చోట్ల ప్రతి మూడు నాలుగు నిమిషాలకు వెలుగు సగానికి పడిపోతోందన్నమాట. దీనివల్ల రెండు చిక్కులు. మొదటిది, ఎక్స్‌పోజర్ నిమిషాల్లోకి వెళ్లాక, షట్టర్ తెరిచి ఉండగానే వెలుగు తగ్గిపోతుంది. కెమెరా లైట్ మీటర్ లెక్క 2 నిమిషాలైతే నేను 3 ఇస్తాను. రెండోది, ఒక్కో ఫ్రేమ్‌కు అంత సమయం పడితే ఆ సాయంత్రం మొత్తానికి మీ చేతిలో ఉండేవి కొన్ని ఫ్రేములే. కాబట్టి ఫ్రేమ్ వెలుగు ఉండగానే ఖాయం చేసుకోండి. వెలుగు బాగున్నప్పుడు ట్రైపాడ్ ఎత్తుకుని ఇంకో చోటికి పరిగెత్తడం అంత అనవసరపు టెన్షన్ ఇంకోటి లేదు.

30 సెకన్లు దాటాలంటే బల్బ్ మోడ్ (షట్టర్‌ను కావలసినంతసేపు తెరిచి ఉంచేది), ఒక రిమోట్ కావాలి. ఎన్ని నిమిషాలు ఇవ్వాలో ఊహించనక్కర్లేదు. ఐఎస్‌ఓ 6400 పెట్టి ఒక ట్రయల్ తీయండి. 6400కీ 100కీ మధ్య 6 స్టాపులు (ఒక్కో స్టాపుకు రెట్టింపు), అంటే 64 రెట్లు. కాబట్టి 6400 దగ్గర ఎన్ని సెకన్లు సరిపోయాయో 100 దగ్గర దాదాపు అన్ని నిమిషాలు. ఫిల్ములో ఈ లెక్క కుదిరేది కాదు, ఎక్కువసేపు తెరిచేకొద్దీ ఫిల్ము స్పందన మందగించేది, అదనపు సమయం కలపాల్సి వచ్చేది. డిజిటల్‌లో ఆ బాధ లేదు. ట్రయల్ బాగుందో లేదో తెలుసుకోవడానికి మాత్రం కెమెరా స్క్రీన్‌ను నమ్మకండి. చీకట్లో ఆ స్క్రీన్ ఎంత డల్ ఫోటోనైనా వెలిగిపోతున్నట్టు చూపిస్తుంది. హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటీ వెలుగూ ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూడండి.

నీళ్ల విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అలలు ఉన్న నీటిని 30 సెకన్లు తీస్తే పొగమంచులా మారిపోతుంది. మొదటిసారి చూస్తే అబ్బో అనిపిస్తుంది. అందరూ అదే తీస్తారు కాబట్టి కొన్నాళ్లకు ఏ ఫోటో ఎవరిదో గుర్తుపట్టలేం. అర సెకను నుంచి రెండు సెకన్ల మధ్య తీసి చూడండి. వెనక్కి జారే నీటి గీతలు కనపడతాయి, నీరు నీరులాగే ఉంటుంది. మేఘాలకైతే నిమిషం, రెండు నిమిషాలు ఇస్తేనే సాగినట్టు వస్తాయి. నడిచే మనుషులు మాయమైపోతారు. ఫోటోగ్రఫీ తొలి ఆవిష్కర్తల్లో ఒకడైన డాగేర్ 1838లో పారిస్ వీధి ఒకటి ఫోటో తీస్తే, ఎక్స్‌పోజర్ నిమిషాల పాటు సాగినందువల్ల మనుషులూ బళ్లూ తిరిగే రోడ్డు ఖాళీగా వచ్చింది. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకేచోట నిలబడ్డ ఒకాయన ఆకారం మాత్రం మిగిలింది. టార్చి పట్టుకుని నడిచేవాళ్లు మాత్రం మాయం కారు, ఫ్రేమ్ నిండా గీత గీసి పోతారు.

పూర్తి చీకట్లోనే తీయాలని ఉంటే చంద్రుడిని చూసుకుని వెళ్లండి. పున్నమి వెన్నెల ఎండకన్నా సుమారు 4 లక్షల రెట్లు తక్కువ. అయినా కెమెరాకు అది చాలు: ఐఎస్‌ఓ 800, ఎఫ్/4, 20 సెకన్లతో మొదలుపెట్టండి. అలా తీస్తే పట్టపగలు తీసినట్టే వస్తుంది. అది రాత్రిలా కనపడాలంటే ఒక స్టాప్ తగ్గించాలి. సగం చంద్రుడైతే సగం వెలుగు ఉంటుందనుకోకండి, పున్నమిలో దాదాపు పదోవంతే ఉంటుంది. చంద్రుడిని ఫ్రేమ్‌లో పెట్టకుండా పక్కనుంచో వెనకనుంచో వెన్నెల కొండల మీద పడేలా చూసుకుంటే బాగుంటుంది. ఫ్రేమ్‌లో ఉంటే ఇంత ఎక్స్‌పోజర్‌కు తెల్లటి మచ్చ అయిపోతాడు.

నక్షత్రాలు చుక్కల్లా రావాలంటే 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించమంటారు. ఫుల్ ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్ము సైజు సెన్సర్) మీద 20 మి.మీ. లెన్స్‌కు 25 సెకన్లు, సెన్సర్ అంతకన్నా చిన్నదైన 1.5 క్రాప్ కెమెరాకు 16 చిల్లర. ఇప్పటి ఎక్కువ మెగాపిక్సెల్ సెన్సర్లకు ఈ లెక్క మరీ ఉదారం. పెద్దగా చేసి చూస్తే చుక్కలు సాగినట్టు తెలిసిపోతాయి, అందుకే నేను సగమే ఇస్తాను.

ఫోకస్ వెలుగు ఉన్నప్పుడే చేసేసి, మాన్యువల్‌లోకి మార్చి, రింగు కదలకుండా టేపు వేయండి. ఆలస్యమైపోతే లైవ్ వ్యూలో దూరపు దీపాన్నో పెద్ద నక్షత్రాన్నో బాగా పెద్దది చేసి, అది వీలైనంత చిన్న చుక్క అయ్యేదాకా రింగు తిప్పండి. లెన్స్ మీద ఇన్ఫినిటీ గుర్తు ఉంది కదా అని దానికి పెట్టేసి వదిలేయకండి, చాలా లెన్సుల్లో అసలు జాగా కాస్త పక్కకు ఉంటుంది. ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లేపకండి, స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దేది) ఆపేయండి, గాలికి ఊగే మెడపట్టీ తీసేయండి. అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్ అయితే వ్యూఫైండర్ మూసేయాలి, లేదంటే వెనకనుంచి పడే వెలుతురు లోపలికి వస్తుంది.

లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్ చేయాలా అని కూడా ఎవరో ఒకరు అడుగుతారు. అది షట్టర్ మూసి అంతే సమయం పాటు ఇంకో ఫ్రేమ్ తీసి, సెన్సర్ వేడికి పుట్టే చుక్కల్ని అసలు ఫోటోలోంచి తీసేస్తుంది. 3 నిమిషాల ఫోటోకు 6 నిమిషాలు. సంధ్యలో అంత తీరిక ఎక్కడిది, ఆఫ్‌లో ఉంచుతాను. పూర్తి చీకట్లో, ముఖ్యంగా వేడి రాత్రుల్లో, ఆన్ చేస్తాను.

రంగుల కోసం రా ఫైల్ (సెన్సర్ నమోదు చేసింది ఉన్నదున్నట్టు దాచే ఫైల్) తీయండి, వైట్ బ్యాలెన్స్ (రంగులు పచ్చబడకుండా, నీలంగా మారకుండా సరిచేసే సెట్టింగు) 3500 నుంచి 4000 కెల్విన్ మధ్య పెట్టి తర్వాత సవరించుకోవచ్చు. ఒక్క మినహాయింపు: పాతకాలపు లో ప్రెషర్ సోడియం దీపాల కింద ఉన్నవాటి రంగులు తిరిగి రావు. ఆ దీపం ఇచ్చేది దాదాపు పూర్తిగా 589 నానోమీటర్ల దగ్గరి పసుపే. అలాంటి దీపాలే నిండిన ఫ్రేమ్ అయితే బ్లాక్ అండ్ వైట్ చేసేయడం మేలు.

నీళ్ల పక్కన తీస్తున్నారు కాబట్టి మంచు విషయం కూడా చెప్పాలి. రాత్రి గడిచేకొద్దీ లెన్స్ గాజు చల్లబడి దానిమీద తేమ పడుతుంది. స్క్రీన్ మీద అది వెంటనే కనపడదు, దీపాల చుట్టూ మెత్తటి వలయం మొదలైతే అదేనని అనుమానించండి. గుడ్డతో తుడిస్తే నిమిషాల్లో మళ్లీ పడుతుంది, ఎందుకంటే గాజు ఇంకా చల్లగానే ఉంది. పవర్ బ్యాంకుతో నడిచే లెన్స్ హీటర్ పట్టీని తేమ పట్టకముందే చుట్టేయండి.