బ్రేక్ ఆయిల్‌కీ వయసైపోతుంది

ఈసారి వచ్చిన మూడు ప్రశ్నలూ బ్రేకుల మీదే. మొదటిదానికి కాస్త ఎక్కువ చోటిస్తున్నాను.

ప్రశ్న: అన్నా, మాది గుంటూరు బ్రాడీపేట. నా టర్బో పెట్రోల్ కారుకి రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించి, వెడల్పు టైర్లు వేయించాను. పోయిన నెల శ్రీశైలం నుంచి వస్తూ దోర్నాల వైపు ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ ఒక్కసారిగా మెత్తబడి కింద దాకా వెళ్లిపోయింది. గబగబా నాలుగుసార్లు తొక్కితే పట్టింది. దోర్నాలలో ఆగి టీ తాగేసరికి మామూలైపోయింది. ఇక్కడి మెకానిక్ చూసి లీకేజీ లేదు, ప్యాడ్లు బాగున్నాయన్నాడు. వదిలేయొచ్చా?

జవాబు: వదలొద్దు తమ్ముడూ. టీ తాగేలోపు బాగైపోయిందన్నావు చూడు, నాకు టెన్షన్ అక్కడే. లీకేజీ అయితే ఎవరి కంటికైనా కనిపిస్తుంది, నీకు జరిగింది మాత్రం చల్లారిన బండిలో కనిపించదు. కాలిపర్‌లో, అంటే చక్రం దగ్గర పిస్టన్‌తో ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగంలో, నీ బ్రేక్ ఆయిల్ మరిగింది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్‌ని నొక్కితే ఆ బలమంతా పిస్టన్‌కి వెళ్తుంది, ఆవిరిని నొక్కితే అదే నలిగి ఊరుకుంటుంది, నీ కాలి కింద పెడల్ దిగిపోయింది అందుకే. చల్లారాక ఆవిరి మళ్లీ ఆయిల్‌లో కలిసిపోయింది. ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పితే ఇలా ఉండదు, పెడల్ రాయిలా గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు.

మన కార్లలో వాడే ఆయిల్ గ్లైకాల్ రకం. తేమని పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని ఉప్పు డబ్బా ఎలా అవుతుందో ఇంట్లో చూసే ఉంటావు, కారు కదలకుండా షెడ్డులో ఉన్నా ఆ తేమ రబ్బరు హోసుల గుండా, ఆయిల్ పోసే రిజర్వాయర్ మూత గుండా లోపలికి చేరుతూనే ఉంటుంది. అందుకే కిలోమీటర్లు కాదు, ఆయిల్ పోసిన తేదీ చూడాలి. డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం, దాంట్లో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. ఇక నువ్వు రీమ్యాప్ చేయించావు. 80లో వెళ్లే బండిని ఆపడానికీ 120లో వెళ్లే బండిని ఆపడానికీ పుట్టే వేడి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు తేడా. పవర్‌కి అంత ఖర్చు పెట్టి, ట్యాంకు పెట్రోల్ కన్నా తక్కువకి వచ్చే ఆయిల్‌ని మర్చిపోవడం నాకు బాధగా ఉంది.

మొత్తం ఆయిల్ మార్పించు, టాప్ అప్ కాదు. మామూలు వాడకానికి రెండేళ్లకోసారి చాలు, నీలా ఘాట్లు తిరిగేవాళ్లు ఏడాదికోసారి మార్చుకోవాలి. నీ కారు మాన్యువల్ ఒప్పుకుంటే డాట్ 5.1 పోయించు, కొత్తలో 260, నీరు చేరాక 180 అన్నమాట. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీదికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే 300 డిగ్రీలు దాటే రేసింగ్ ఆయిల్ కావాలి, వెళ్లే ముందు ప్రతిసారీ ఎయిర్ తీయించాలి. ఆయిల్ మార్పించేదాకా ఘాట్ ఎక్కొద్దు. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో దిగు, బ్రేక్ మీద కాలు పెట్టే ఉంచకు.

ప్రశ్న: నమస్తే అండీ. మాది విజయవాడ పటమట. నేనూ మా తమ్ముడూ కలిసి ఇంట్లోనే బ్రేక్ ఆయిల్ మార్చుకుందామనుకుంటున్నాం. ముందు కాలిపర్లకి నాలుగేసి పిస్టన్లున్నాయి. జాగ్రత్తలు చెప్పండి.

జవాబు: చేసుకోవచ్చమ్మా, కానీ తొందర పనికిరాదు. సీలు తీయని డబ్బా లీటరు తెచ్చుకోండి, ఏడాది కిందట తెరిచింది వద్దు. ఇంజిన్ ఆపి, జాకీ మీద వదిలేయకుండా స్టాండ్లు పెట్టి, చక్రాలు తీయండి. రిజర్వాయర్‌లో పాత ఆయిల్ లాగేసి కొత్తది నింపాకే మొదలుపెట్టాలి. మన రైట్ హ్యాండ్ కార్లలో సాధారణంగా ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు అనే వరస, మీ మాన్యువల్ వేరేగా చెబితే దాన్నే పాటించండి. కాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ ఉంటుంది, అదే నిపుల్; దానికి పారదర్శకమైన ట్యూబు తొడిగి, రెండో కొస సీసాలోని కొత్త ఆయిల్‌లో మునిగేలా పెట్టండి. తమ్ముడు పెడల్ నిదానంగా తొక్కి పట్టుకోవాలి, మీరు రింగ్ స్పానర్‌తో నిపుల్ పావు చుట్టు వదులు చేయాలి, మళ్లీ బిగించాకే అతను కాలు తీయాలి. ముందు తీశాడా, గాలి లోపలికి పోతుంది. ఇద్దరూ "తొక్కా", "బిగించా" అని పైకి అనుకుంటూ చేయండి. పాత బండైతే పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెట్టండి, ఎప్పుడూ నడవని చోటికి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే భాగం) సీలు వెళ్తే గీసుకుపోతుంది.

మొదట ట్యూబులోంచి పానకం రంగులో వస్తుంది, ఒక్కోసారి నల్లటి మడ్డితో. లేత తేనె రంగు వచ్చి, బుడగలు ఆగేదాకా వదలొద్దు. నాలుగు పిస్టన్ల కాలిపర్లకి చాలావాటికి రెండేసి నిపుల్స్ ఉంటాయి, రెండింటి నుంచీ ఆయిల్ తీయాలి. నిపుల్ పైవైపు ఉండాలి సుమా. ఒకసారి ఆటోనగర్‌లో ఒక షెడ్డులో నా బండికి ఎడమ కాలిపర్ కుడికి, కుడిది ఎడమకి బిగించారు, నిపుల్స్ కిందికి వచ్చాయి. సాయంత్రం దాకా ఎంత తీసినా పెడల్ స్పాంజ్‌లానే ఉంది. గాలి పైనే ఉండిపోతే ఎలా వస్తుంది! రిజర్వాయర్ మాత్రం ఎండిపోనివ్వకండి, చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి వెళ్తే చాలా కార్లలో స్కానర్ పెట్టి తీయాల్సి వస్తుంది. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పోయండి, తుడిచి ఊరుకుంటే రంగు లేచిపోతుంది.

ప్రశ్న: డాట్ 5 డబ్బా కొన్నాను. డాట్ 4 కన్నా పెద్ద నంబరు కదా, పోసేయొచ్చా? తెనాలి.

జవాబు: పోయకండి. డాట్ 5 సిలికాన్ ఆయిల్, గ్లైకాల్‌తో కలవదు, ఏబీఎస్ ఉన్న కార్లకి పనికిరాదు. డాట్ 5.1 పేరు దానిలా ఉన్నా అది గ్లైకాల్ రకమే, వేరే సరుకు. సీలు తీయకపోతే షాపులో తిరిగిచ్చేసి, మీ రిజర్వాయర్ మూత మీద ఏది రాసుందో అది తెచ్చుకోండి.