కోడ్ ఛేదించాలా, పొడుపు విప్పాలా?

సందేహం: మా అబ్బాయికి పదేళ్లు. ‘గ్రావిటీ ఫాల్స్’ అనే కార్టూన్ చూస్తూ, అందులో చివర వచ్చే పిచ్చి రాతలను కాగితం మీద రాసుకుని మరీ అర్థం కనుక్కుంటున్నాడు. మొన్న వచ్చి “అమ్మా, కోడ్ క్రాక్ చేశా, దీన్ని తెలుగులో ఏమంటారు?” అన్నాడు. నేను ‘రహస్య లిపి’ అన్నాను. మా మామయ్యగారు ‘గూఢలిపి’ అనాలన్నారు. మావారేమో పేపర్లలో ‘కోడ్ భాష’, ‘సంకేత భాష’ అని రాస్తారు కదా అంటారు. ఏది సరి? క్రాక్ చేయడాన్ని ‘ఛేదించడం’ అనాలా, ‘చేధించడం’ అనాలా? ‘కార్టూన్లలో అంతర్లీన సందేశాలు’ అంటే కూడా ఇవేనా? ‘మిస్టరీ’కి తెలుగు మాట ఉందా? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీ మామయ్యగారు చెప్పిన ‘గూఢలిపి’ సరైన మాట. మీరు చెప్పిన ‘రహస్య లిపి’ తప్పేమీ కాదు, అర్థమవుతుంది. మీవారు చెప్పిన రెండు మాటలతోనే కాస్త పేచీ ఉంది, కానీ అది తేలాలంటే ముందు ఆ కార్టూన్‌లో జరిగేదేమిటో చూడాలి. ఎందుకంటే దాచడానికి తెలుగులో బోలెడు మాటలున్నాయి, ఎవరు దాచారు, ఎందుకు దాచారు, అవతలివాడు కనుక్కోవాలనే దాచారా, కనుక్కోకూడదని దాచారా అన్నదాన్ని బట్టి మాట మారిపోతుంది.

‘గ్రావిటీ ఫాల్స్’ 2012 జూన్‌లో డిస్నీ చానల్‌లో మొదలై 2016 ఫిబ్రవరిలో ముగిసింది, మొత్తం 40 భాగాలు. అలెక్స్ హిర్ష్ సృష్టి. డిప్పర్, మేబుల్ అనే కవలలు వేసవి సెలవులకు ఆరెగన్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరికి, తమ తాతకు తోబుట్టువైన స్టాన్ దగ్గరికి వస్తారు. (ఆయన్ని వాళ్లు ‘గ్రంకిల్’ అంటారు, ‘గ్రేట్ అంకుల్’ రెండు ముక్కలూ కలిపేసి. తెలుగులో అయితే పెదతాత అనాలో చినతాత అనాలో ముందే తేల్చుకోవాలి, మన చుట్టరికాల మాటలు వయసు తేలనిదే నోట్లోంచి రావు.) మొదటి భాగంలోనే డిప్పర్‌కి అడవిలో ఒక పాత పుస్తకం దొరుకుతుంది. అట్ట మీద ఆరు వేళ్ల చెయ్యి, దాని మీద 3 అంకె. రాసిందెవరో తెలియదు. కథంతా ఆ ప్రశ్న చుట్టూనే నడుస్తుంది. మీ అబ్బాయి అక్కడిదాకా వచ్చాడో లేదో, కాబట్టి జవాబు ఇక్కడ చెప్పను.

ప్రతి భాగం చివర పేర్లు పడేటప్పుడు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు ఒక వరుస వస్తాయి. మొదట్లో వాడింది చాలా తేలిక పద్ధతి: తెర మీద ‘డి’ కనిపిస్తే మూడక్షరాలు వెనక్కి నడిచి ‘ఎ’ అనుకోవాలి, ‘ఇ’ కనిపిస్తే ‘బి’. రోమన్ సీజర్ పేరుతో చలామణి అవుతున్న పద్ధతి అది. మొదటి భాగంలోని వరుసను అలా విప్పితే ‘గ్రావిటీ ఫాల్స్‌కి స్వాగతం’ అని వస్తుంది. మరి మూడక్షరాలు వెనక్కి వెళ్లాలని పిల్లలకెలా తెలుస్తుంది? మొదటి పాట చివర ఒక గుసగుస వినిపిస్తుంది, దాన్ని చివరి నుంచి వెనక్కి తిప్పి వింటే ‘మూడక్షరాలు వెనక్కి’ అంటుంది! కొన్ని భాగాలయ్యాక ఆ గుసగుస మారి, ‘ఎ’ని ‘జెడ్‌’తో తారుమారు చేయమంటుంది. ఆ తర్వాత అక్షరాల బదులు అంకెలు వస్తాయి. రెండో సీజన్‌లో ఇంకా కష్టమైన పద్ధతి, దానికి కావలసిన కీలక పదాన్ని ఆ భాగంలోనే ఎక్కడో బొమ్మలో దాచిపెట్టారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వాళ్లు దాచారు, దాంతోపాటు తాళం చెవి కూడా అక్కడే పెట్టారు. పిల్లలు వెతికి పట్టుకోవాలనే దాచారు.

ఇప్పుడు మాటల దగ్గరికి వస్తాను. ‘గూఢం’ అంటే కప్పి ఉంచినది. గుహ, గుహ్యం, గూఢం ఒకే ధాతువు నుంచి వచ్చాయి. లిపి కళ్ల ముందే ఉంది, అర్థం లోపల కప్పి ఉంది, కాబట్టి ‘గూఢలిపి’ అతికినట్టు సరిపోతుంది. ఒత్తు ‘ఢ’ మరిచిపోవద్దు. ఈ మధ్య ‘గూడచారి’, ‘గూఢాచారి’ అని రెండు రకాల తప్పులూ కనబడుతున్నాయి. గూఢంగా చరించేవాడు గూఢచారి, అందులో ఆచారి ఎవరూ లేరు.

‘సంకేతం’ అలా కాదు. అది ఇద్దరు ముందే అనుకున్న గుర్తు. రోడ్డు మీద ఎర్రలైటు సంకేతమే, దాన్ని ఎవరూ దాచలేదు, అందరికీ తెలిస్తేనే దానికి విలువ. మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ సంగీతం నేర్చుకునే పిల్లలుంటే ఒక మంచి ఉదాహరణ చెప్పండి. మొదట నేర్పే రాగం మాయామాళవగౌళ, 72 మేళకర్తల్లో (మూల రాగాల్లో) 15వది. ఆ 15 రాగం పేరులోనే ఉంది. కటపయాది లెక్కలో, అంటే అక్షరాలకు అంకెలు కేటాయించే పాత పద్ధతిలో, ‘మ’ అంటే 5, ‘య’ అంటే 1, తిప్పి చదివితే 15. మేచకల్యాణిలో ‘మ’ 5, ‘చ’ 6, తిప్పితే 65, అది 65వ మేళకర్తే. అక్షరం వెనక అంకె ఉంది కదా, ఇదీ గూఢలిపేనా అంటే, నేను కాదనే అంటాను. ఇది జ్ఞాపకం ఉంచుకోవడానికి పెట్టిన ఏర్పాటు, కాబట్టి సంకేతం. పేపర్లలో ఉగ్రవాదుల సంభాషణ గురించి ‘సంకేత భాష’ అని రాయడం చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ ‘పెళ్లి’ అంటే ఇంకేదో అని ఇద్దరూ ముందే అనుకుని ఉంటారు. మీవాడి కార్టూన్‌లో ముందే అనుకున్నదేమీ లేదు.

ఇక ‘కోడ్ భాష’. ఈ మాటలో ‘కోడ్‌’తో నాకు ఇబ్బంది లేదు, అందరూ అంటున్నారు, అననివ్వండి. నా పేచీ ‘భాష’తో. కార్టూన్‌లోది రాసింది, కంటితో చూసి విప్పేది. ఆ అక్షరాలను నోటితో పలకలేం. అందుకే లిపి అనాలి. మనకు చక్కగా నోటితో పలికే గుప్త భాష ఒకటి ఉంది, దాన్ని పెద్దవాళ్లెవరూ నేర్పకుండానే తరాల తరబడి పిల్లలు ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారు: ‘క భాష’. ప్రతి అక్షరం ముందు ‘క’ చేర్చాలి. ‘నేను’ అనడానికి ‘కనేకను’, ‘నువ్వు రా’ అనడానికి ‘కనుకవ్వు కరా’. మా చిన్నప్పుడు అక్కలిద్దరూ వడియాలు పెడుతూ ఈ భాషలో మాట్లాడుకుంటుంటే నాకు ఏడుపొచ్చేది, రెండు రోజులు పక్కనే కూర్చుని విని విని చివరికి పట్టేశాను. అది పట్టుబడిన క్షణంలో కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. మీ అబ్బాయికీ సరిగ్గా అదే సంతోషం కలుగుతోంది, అందుకే మీ ఉత్తరం చదివి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మూడక్షరాలు వెనక్కి వెళ్లే పద్ధతి తెలుగుకి పట్టదు, కావాలంటే ప్రయత్నించి చూడమనండి. ఇంగ్లీషులో 26 అక్షరాలు పూసల్లా విడివిడిగా ఉంటాయి. మనకు హల్లు, అచ్చు కలిసి ఒక అక్షరం అవుతాయి. గుణింతాన్ని అలాగే ఉంచి హల్లును మాత్రం మూడు స్థానాలు ముందుకు జరిపితే ‘గాలి’ కాస్తా ‘చాషి’ అవుతుంది, అంతవరకు బాగానే ఉంది, కానీ ‘ఖ’కి ‘ఙ’ వస్తుంది, ‘ఖాళీ’లో మొదటి అక్షరాన్ని ఇలా మార్చి పలకమంటే ఎవరు పలుకుతారు? మన నేలకు తగిన పద్ధతి మరొకటి ఉంది. వాత్స్యాయనుడు కామసూత్రంలో చెప్పిన 64 కళల జాబితాలో ప్రహేళికలు (పొడుపులు), అక్షరముష్టికాకథనం, మ్లేచ్ఛిత వికల్పాలు ఉన్నాయి. చివరి రెండూ మాటను ఇతరులకు తెలియకుండా చెప్పే విద్యలే. కామసూత్రానికి యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో ‘మూలదేవీయం’ అనే పద్ధతి వివరించి ఉంది: కొన్ని అక్షరాలను జతలుగా పెట్టుకుని ఒకదాని చోట ఇంకొకటి వేయడం. ‘చ’కి ‘ట’, ‘త’కి ‘ప’, అలాగే అటునుంచి ఇటు. ఈ లెక్కన ‘చీటీ’ రాయాలంటే ‘టీచీ’ రాయాలి. ‘తాత’ రాయాలంటే? ‘పాప’! తాత పాప అవుతాడు, పాప తాత అవుతుంది. ఇది మీ మామయ్యగారి చేతనే మీ అబ్బాయికి చెప్పించండి. ‘ఎ’ని ‘జెడ్‌’తో తారుమారు చేయమని ఆ కార్టూన్ చెప్పేదీ ఇలాంటి జతల పద్ధతే.

క్రాక్ చేయడం సంగతి. ముందు వర్ణక్రమం: ‘ఛేదించు’ సరి. ‘ఛిద్’ ధాతువు, అంటే నరకడం. ఛేదం, విచ్ఛేదం, ఛేదించు. మొదట ఒత్తు ‘ఛ’, తర్వాత మామూలు ‘ద’. సాధించు, శోధించు అనే మాటల్లో ‘ధ’ ఉండటం వల్ల ఇందులోనూ అదే వేసేస్తున్నారు, అలా ‘చేధించు’ పుట్టింది. అది తప్పు.

అయితే వర్ణక్రమం సరైనంత మాత్రాన మాట సరైనదైపోదు. పోలీసులు హత్య కేసును ఛేదిస్తారు, యుద్ధంలో శత్రువు గూఢలిపిని ఛేదిస్తారు. అక్కడ అవతలివాడు అడ్డుగోడ కట్టాడు, దాన్ని నరకాలి. 1969లో మొదలైన ‘స్కూబీ డూ’ చూడండి, దయ్యం అనుకున్నవాడి ముసుగు లాగితే మామూలు మనిషి బయటపడతాడు, వాడికి అది ఇష్టం లేదు. దానికి మన మాట ‘గుట్టు రట్టవడం’. గుట్టు అంటే బయటికి పొక్కితే పరువు పోయేది, ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్నప్పటి గుట్టు. మీవాడు చేసింది నరకడమూ కాదు, రట్టు చేయడమూ కాదు. ఒకరు ప్రేమగా వేసిన ముడిని విప్పాడు. తెలుగులో పొడుపు కథ పొడుస్తారు, విప్పుతారు. పొడిచేవాళ్లు విప్పేవాళ్ల కోసమే పొడుస్తారు. అందుకని “గూఢలిపి విప్పాను” అనమనండి. ఎలా విప్పావని అడిగితే “కిటుకు తెలిసింది” అనొచ్చు, ఇంగ్లీషువాళ్లు ‘కీ’ అనే చోట ‘కిటుకు’ హాయిగా నప్పుతుంది.

పొడుపు అంటే పిల్లల ఆట మాత్రమే అనుకుంటాం గానీ, భారతం ఆదిపర్వంలో పొడుపు లాంటి మాటే అయిదుగురి ప్రాణాలూ, వాళ్ల అమ్మ ప్రాణమూ కాపాడింది. పాండవులు వారణావతానికి బయల్దేరుతున్నప్పుడు విదురుడు అందరి ఎదుటా ధర్మరాజుతో, చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాని రీతిలో మాట్లాడతాడు. అడవిని కాల్చేది, చలిని పోగొట్టేది, కలుగులో దాక్కున్నవాణ్ని మాత్రం కాల్చలేదు అంటాడు. ఏమిటది? నిప్పు. అంటే ఇంటికి నిప్పు పెడతారు, సొరంగం సిద్ధం చేసుకోండి అని. ధర్మరాజు “తెలిసింది” అంటాడు. కుంతికి అర్థం కాక తర్వాత ఏమన్నాడని అడుగుతుంది. ఇదీ అసలైన గూఢ సందేశం.

‘అంతర్లీన సందేశం’ వేరు. లీనం అంటే కరిగిపోయినది. అక్కాతమ్ముళ్లు ఒకరికొకరు తోడుండాలి అనేది ఆ కార్టూన్ అంతటా నీళ్లలో ఉప్పులా కలిసి ఉంది, అది అంతర్లీన సందేశం. చివర వచ్చే అక్షరాల వరుస గూఢ సందేశం. మొదటిదాన్ని అనుభవిస్తాం, రెండోదాన్ని వెతికి విప్పుతాం. ‘పిల్లల కార్టూన్లలో దాచిన చెడు సందేశాలు’ అంటూ ఫోన్లలో తిరిగే కబుర్లకు కూడా ‘అంతర్లీన’ అని రాసేస్తున్నారు, అక్కడ రాయాల్సింది ‘గూఢ’. మాట కలగాపులగం అయ్యేసరికి తల్లిదండ్రులకు లేనిపోని టెన్షన్ కూడా వస్తోంది.

మిస్టరీకి వస్తే, ఆ మాటను అలాగే వాడుకోండి. మనవాళ్లు వెనకటికి ‘అపరాధ పరిశోధన’ అన్నారు, కానీ దానికి అపరాధం ఉండాలి, ఈ కార్టూన్‌లో పుస్తకం రాసిందెవరన్నది నేరం కాదు. ‘రహస్యం’ అంటే ‘రహస్’, ఏకాంతంలో ఉన్నది, అది ఇద్దరి మధ్య మాటకు బాగుంటుంది. నాకు నచ్చేది ‘మర్మం’. శరీరంలో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి వచ్చే చోట్లను మర్మాలంటారు, ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు 107 అని లెక్క చెప్పాడు. కథలోనూ అంతే, అక్కడ ముట్టుకుంటే మొత్తం కథ కదులుతుంది. ‘మర్మకథ’ అని వాడి చూడండి, నలుగురి నోళ్లలో పడితే నిలుస్తుంది.

ఇంకొక్కటి, మీవాడి కోసం. ఆ కార్టూన్‌లో ఒంటికన్ను త్రికోణం బొమ్మ ఒకటుంది కదా, దాని పేరు బిల్ సైఫర్. సైఫర్ అంటే ఇంగ్లీషులో గూఢలిపి. ఆ మాట అరబ్బీ ‘సిఫ్ర్’ నుంచి వచ్చింది, సిఫ్ర్ అంటే ఖాళీ, సున్న. మన ‘శూన్యం’ అర్థాన్నే అరబ్బులు తమ భాషలోకి అలా తెచ్చుకున్నారు. మన ‘సున్న’ కూడా ఆ శూన్యం నుంచి వచ్చిందే. 2016లో కార్టూన్ అయిపోయాక హిర్ష్ నిజంగానే లోకమంతా ఆధారాలు దాచి ఒక వేట పెట్టాడు, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదలైన ఆ వేట ఆరెగన్ అడవిలో ఆ బిల్ సైఫర్ విగ్రహం దొరకడంతో ముగిసింది. అన్నట్టు, ‘పాపకు తాచలు పెలుసా’, దీన్ని మూలదేవీయంలో పైన చెప్పిన రెండు జతలతో విప్పి, ఏం వచ్చిందో నాకు రాయమనండి.