మొదటి గేమింగ్ కంప్యూటర్ కొనబోతున్న మేనల్లుడికి

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కొటేషన్ ఫొటో చూశాను. రాత్రే ఫోన్ చేద్దామనుకున్నాను గానీ ఇది ఫోన్‌లో తేలే వ్యవహారం కాదు. సగం మర్చిపోతావు, మిగతా సగం షాపులో నిలబడ్డప్పుడు కంగారులో గుర్తు రాదు. అందుకే రాస్తున్నాను. దాచుకో, కొనే రోజు తీసి చూసుకో.

ముందు ఆ కొటేషన్ సంగతి. "ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఆర్‌జీబీ క్యాబినెట్" అని రాసిచ్చారు. ఐ7 తర్వాత ఉండాల్సిన నంబరు ఏది? అది లేకపోతే ఆ మాటకు అర్థమే లేదు. ఐ7 4770 అనే ప్రాసెసర్ 2013లో వచ్చింది. ఆఫీసుల్లో వాడి తీసేసిన అలాంటివాటిని కొత్త బోర్డుల మీద బిగించి "గేమింగ్ పీసీ" అని అమ్ముతుంటారు. 2022లో వచ్చిన ఐ3 12100ఎఫ్ పేరుకు ఐ3యే అయినా ఆ పాత ఐ7ని సులువుగా దాటిపోతుంది. పైగా ఆ పాతవాటికి విండోస్ 11 అధికారికంగా లేదు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్‌లో సపోర్ట్ ఆపేసింది. నువ్వు ఆడేది వాలరెంట్. విండోస్ 11లో అది నడవాలంటే బోర్డులో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లూ ఆన్‌లో ఉండాలి.

ఇక ఆ 4 జీబీ కార్డు. నంబరు అడిగితే జీటీ 730 అన్నారని రాశావు. అది 2014 నాటి కార్డు. సినిమా చూడటానికి, రెండో మానిటర్ తగిలించుకోవడానికి పనికొస్తుంది, అంతే. దాని మీద 4 జీబీ మెమరీ పెట్టినా 8 పెట్టినా గేమ్ ఆడదు. జీబీ అనేది కార్డు బలం కాదు, కార్డు దగ్గరున్న సామాను గది. గది పెద్దదైనంత మాత్రాన పని చేసేవాడికి బలం రాదు కదా. కాబట్టి ఎవరు ఏ పార్టు చెప్పినా పూర్తి మోడల్ నంబరు రాసివ్వమను. రాసివ్వకపోతే మర్యాదగా నమస్కారం పెట్టి పక్క షాపుకి వెళ్లు.

నీ దగ్గర 65 వేలు ఉన్నాయన్నావు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు. మీ అమ్మ చెబితే నాకు ఎంత సంతోషమేసిందో! ఆ డబ్బులో ఒక్క వెయ్యి కూడా ఆర్‌జీబీ అని పిలిచే ఆ మెరిసే లైట్లకి పోకూడదని నా పట్టుదల.

పార్టుల కంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ గేములు ఆడతావు, ఏ స్క్రీన్ మీద ఆడతావు అన్నది. వాలరెంట్‌కి పెద్ద కార్డు అక్కర్లేదు, అది ఎక్కువగా ప్రాసెసర్ మీద ఆధారపడుతుంది. జీటీఏ 5 కూడా ఇప్పటి కార్డులకి బరువు కాదు. నువ్వు ఆశపడుతున్న సైబర్‌పంక్ లాంటిదే అసలు పరీక్ష. స్క్రీన్ విషయానికొస్తే 1080పీ చాలు, అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. 1440పీ, 4కే అనే మాటలు మనసులోకి రానివ్వకు, అవి వస్తే కార్డుకే నలభై వేలు అడుగుతాయి. మానిటర్ కొనేదాకా ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో తగిలించుకో. అయితే 32 అంగుళాల టీవీల్లో చాలావాటికి ఉన్నది 1366x768 రిజల్యూషనే. అక్షరాలు మసకగా కనిపిస్తే కంప్యూటర్‌ని తిట్టుకోకు. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చెయ్యి, మౌస్ కదిలిస్తే స్క్రీన్ మీద ఆలస్యంగా కదిలే బాధ తగ్గుతుంది.

ఇప్పుడు నా లెక్క. గ్రాఫిక్స్ కార్డుకి 23 వేల దాకా. ప్రాసెసర్‌కి పదిన్నర, మదర్‌బోర్డుకి ఏడున్నర, అన్ని పార్టులకీ కరెంటు ఇచ్చే పెట్టె ఎస్‌ఎంపీఎస్‌కి ఐదు, క్యాబినెట్‌కి మూడు. ర్యామ్, గేములూ ఫైళ్లూ దాచుకునే ఎస్‌ఎస్‌డీ రెండిటికీ కలిపి 15 వేలు. కీబోర్డు, మౌస్ మీ నాన్న పాత సిస్టంవే వాడు. ఇందులో ర్యామ్ లెక్కే అటూ ఇటూ అవుతుంది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. నిన్నటి రేటు ఇవాళ ఉండటం లేదు. అందుకే కొనే రోజు పొద్దున్న ముందుగా ర్యామ్ ధర అడుగు, ఆ తర్వాతే మిగతావి ఖాయం చేసుకో. తక్కువపడితే ఎస్‌ఎస్‌డీని ఒక టీబీ నుంచి 500 జీబీకి తగ్గించు. ఎస్‌ఎంపీఎస్ జోలికి మాత్రం వెళ్లకు. ఎందుకో తర్వాత చెబుతాను.

ప్రాసెసర్ రైజెన్ 5 5600 తీసుకో. ఆరు కోర్లు, పన్నెండు త్రెడ్లు, డబ్బాలోనే కూలర్ వస్తుంది. ట్రే ప్రాసెసర్ అని డబ్బా లేకుండా ఇస్తామంటారు. కూలర్ రాదు, వారంటీ దగ్గర పేచీ వస్తుంది, వద్దు. బోర్డు మీద ఇది కూర్చునే గూడు పాత ఏఎం4 సాకెట్ కాబట్టి ముందు ముందు మార్చుకునే దారి తక్కువ, ఆ మాట నిజమే. కొత్త ఏఎం5కి వెళ్తే దారి ఉంటుంది కానీ దానికి డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామే కావాలి. బోర్డు, ర్యామ్ కలిసి నీ కార్డు డబ్బుని తినేస్తాయి. గేమ్ ఆడించేది కార్డు. నీ బడ్జెట్‌లో నేనైతే ఏఎం4 దగ్గరే ఆగుతాను. బోర్డు బీ550 అయితే మంచిది. బీ450 ఇస్తే మాత్రం 5600కి సరిపడా బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఉందా అని అడుగు, లేకపోతే ఆన్ చేసినా స్క్రీన్ మీద ఏమీ రాదు.

కార్డు దగ్గర రెండు మాటలు. కేవలం గేములే అయితే ఆర్‌ఎక్స్ 6600. 8 జీబీ, 132 వాట్లు, 1080పీకి నిండుగా సరిపోతుంది. ఇంచుమించు అదే డబ్బులో దొరికే ఆర్‌టీఎక్స్ 3050 కంటే వేగం. కానీ నువ్వు బీటెక్‌లో సీఎస్‌ఈ చేరుతున్నావు. ఏఐ, మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు ఇంట్లోనే చేసుకోవాలని ఉంటే ఎన్విడియా కార్డు ఉండాలి, ఆ పనులకు వాడే క్యూడా అనే సాఫ్ట్‌వేర్ దాంట్లోనే నడుస్తుంది. అప్పుడు ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కోసం వెతుకు. 3060లో 8 జీబీది కూడా ఉంది, అది మెమరీలోనే కాదు, వేగంలోనూ తక్కువ. 3050లో కూడా 6 జీబీ, 8 జీబీ అని రెండున్నాయి, పేరు ఒకటే గానీ అవి రెండూ వేరు వేరు కార్డులు. నువ్వు ఏం చేయదలిచావో నువ్వే ఆలోచించుకో, ఇది నేను చెప్పేది కాదు.

సెకండ్ హ్యాండ్ కార్డు గురించి అడిగావు. గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ సంపాదించే మైనింగ్ 2022 సెప్టెంబర్‌లో ఆగిపోయాక రాత్రింబవళ్లు నడిచిన కార్డులు కుప్పలుగా మార్కెట్లోకి వచ్చాయి. అన్నీ చెడ్డవని అనను. బిల్లు ఉండి, వారంటీ మిగిలి ఉండి, నీ కళ్ల ముందు అరగంట గేమ్ నడిపి చూపిస్తే తీసుకోవచ్చు. జీపీయూ-జడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి చూపించమను, నకిలీ కార్డయితే చాలావరకు అక్కడే బయటపడుతుంది. మొదటి కంప్యూటర్ కాబట్టి నా మనసు కొత్తదానికే ఒప్పుకుంటోంది. సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

ఇక ఎస్‌ఎంపీఎస్. అల్లుడూ, ఇది నెమ్మదిగా చదువు.

నేను కంప్యూటర్ షాపులో పనికి చేరిన కొత్తల్లో ఒక డిగ్రీ కుర్రాడికి సిస్టం బిగించాను. బడ్జెట్ చాల్లేదు, కార్డు మాత్రం మంచిది కావాలన్నాడు. క్యాబినెట్‌తో పాటు వచ్చే లోకల్ ఎస్‌ఎంపీఎస్ ఉంచేశాం, మా ఓనరు కూడా పర్లేదన్నాడు. దాని మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. నాలుగు నెలలకి ఆ అబ్బాయి క్యాబినెట్‌ని ఆటోలో పెట్టుకుని వచ్చాడు. మూత తీయగానే కాలిన వైరు వాసన గుప్పుమంది. ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డునీ హార్డ్ డిస్క్‌నీ తీసుకుపోయింది. డిస్క్‌లో వాడి ఫైనలియర్ ప్రాజెక్టు. అప్పుడు నేను స్టిక్కర్ మీద చిన్న అక్షరాలు మొదటిసారి సరిగ్గా చదివాను. ప్లస్ 12 వోల్టుల గడి కింద 16 ఆంపియర్లు అని ఉంది. 12ని 16తో గుణిస్తే 192. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది ఆ 12 వోల్టుల లైన్ నుంచే. అంటే 450 అని రాసిన పెట్టెలో గేమింగ్‌కి పనికొచ్చేది 192 వాట్లే. ఆ అబ్బాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి స్టిక్కర్ చదవకుండా ఒక్క ఎస్‌ఎంపీఎస్ కూడా నా చేత్తో బిగించలేదు.

నువ్వూ అలాగే చెయ్యి. డబ్బా పక్కకి తిప్పి +12V అని ఉన్న గడి చూడు. మంచి 550 వాట్ల దాంట్లో 45 ఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది, గుణిస్తే 540 వస్తుంది. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉండాలి. ఆ గుర్తు కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెబుతుందే గానీ మొత్తం నాణ్యతకి హామీ కాదు, అందుకే ఐదేళ్ల వారంటీ ఉన్నది చూసుకో. అంతకాలం బాధ్యత తీసుకునే కంపెనీ లోపల నాసిరకం సామాను పెట్టదు.

దీంతోపాటు ఇంట్లో ఎర్తింగ్ చూపించు. కంప్యూటర్ నడుస్తుండగా క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే వేళ్లు జిల్లుమంటే ఎర్తింగ్ లేదని అర్థం. త్రీ పిన్ ప్లగ్గుకి టూ పిన్ అడాప్టర్ తగిలించడం మీ ఇంట్లో నేను చూశాను, కంప్యూటర్‌కి అది వద్దే వద్దు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించమని మీ నాన్నకి నేను చెబుతాను. యూపీఎస్ తర్వాత కొనుక్కో. 600 వీఏ అని ఉంటే అది సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. కరెంటు పోతే గేమ్ సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోవడానికే అది, ఆట కొనసాగించడానికి కాదు.

క్యాబినెట్ ముందువైపు జాలీ ఉన్నది తీసుకో. ముందు అద్దం, లోపల రంగురంగుల ఫ్యాన్లు ఉన్నవి ఉంటాయి, పైన పటారం లోన లొటారం. మీ తెనాలి మే నెల ఎండలో ఆ అద్దం వెనక గాలి ఆడక కార్డు వేడెక్కిపోతుంది. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి, అంతకంటే అక్కర్లేదు. వెనక ఖాళీ స్లాట్లకి రేకు మూతలు ఉన్నాయో లేదో చూడు. ఆ సందుల్లోంచి బల్లి దూరి బోర్డు మీద పడి షార్ట్ అయిన కేసులు నేను చాలానే చూశాను.

ర్యామ్ 16 జీబీ అంటే ఒక్కటి కాదు, 8 జీబీవి రెండు. రెండుంటే డ్యూయల్ ఛానల్‌లో, అంటే రెండూ ఒకేసారి పనిచేస్తూ నడుస్తాయి, గేముల్లో తేడా తెలుస్తుంది. బోర్డులో నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టాలి. 3200 స్పీడు ర్యామ్ కొన్నా, బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేయకపోతే అది తక్కువ స్పీడులోనే నడుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర ఆ అంకె కనపడుతుంది, అక్కడే చూసుకో. డబ్బు పెట్టి కొన్నది వాడుకోకుండా ఏళ్లు గడిపేవాళ్లు ఎంతమందో. అలాగే 5600లో సొంత గ్రాఫిక్స్ లేదు. హెచ్‌డీఎంఐ కేబుల్ మదర్‌బోర్డుకి కాదు, కింద అడ్డంగా ఉన్న కార్డుకి పెట్టాలి. "మావయ్యా, డిస్‌ప్లే రావట్లేదు" అని నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే.

కొనడానికి నువ్వు హైదరాబాదే రా. సికింద్రాబాద్‌లో పారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అంటారు. ఒక కాగితం మీద మోడల్ నంబర్లు రాసుకుని మూడు షాపుల్లో అదే కాగితం చూపించు. "జీఎస్టీ బిల్లుతో మొత్తం ఎంత?" అనే అడుగు. బిల్లు లేకుండా తగ్గిస్తామంటారు, 18 శాతం ట్యాక్స్ కాబట్టి తగ్గింపు పెద్దదిగానే కనిపిస్తుంది. వద్దు. బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు రాయించుకో, డబ్బా మీదున్న నంబరుతో అక్కడే పోల్చి చూసుకో. మూడేళ్ల వారంటీ ఉన్న కార్డు రెండో ఏట పోతే నిన్ను కాపాడేది ఆ కాగితమే. ఫొటో తీసి నాకూ పంపు, ఒక కాపీ నా దగ్గరా ఉంటుంది.

వారం మధ్యలో రా, జనం తక్కువగా ఉంటారు. నేను సెలవు పెడతాను. పార్టులు తెచ్చుకుని మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీదే ఇద్దరం బిగిద్దాం. బిగించేది నువ్వు, నేను పక్కన కూర్చుంటాను. ఆ రాత్రంతా నడిపి చూసి, పొద్దున్నే మళ్లీ గ్రాఫిక్స్ కార్డు ఊడదీద్దాం. బిగించిన కార్డుతో రైల్లో తీసుకెళ్తే కుదుపులకి దాని బరువు స్లాట్‌ని విరిచేస్తుంది. క్యాబినెట్ సీటు కింద పెట్టుకో, కార్డు మాత్రం దాని డబ్బాలోనే ఉంచి తెనాలి దాకా ఒళ్లో పెట్టుకో. ఇంటికెళ్లాక వీడియో కాల్ చెయ్యి, మళ్లీ పెట్టేటప్పుడు చూస్తాను. స్లాట్ చివర చిన్న గొళ్లెం ఉంటుంది, అది టక్కుమన్న చప్పుడు నాకు వినిపించాలి.

మీ మావయ్య