అల్లుడికి ఉత్తరం: హైవే 395 మీద ఇన్యో కౌంటీని దాటేయకు, ఆగు

ఒరే అల్లుడూ,

మీ అమ్మానాన్నల్ని తీసుకుని సెప్టెంబర్ చివర్లో మామత్ చూసుకుని డెత్ వ్యాలీ మీదుగా వెగాస్ కొట్టేద్దామని ప్లాన్ అన్నావ్ కదా, ఫోన్లో సరేలే అన్నాను గానీ ఆ ప్లాన్ నాకేం నచ్చలేదు. మామత్‌కీ వెగాస్‌కీ మధ్యలో కాలిఫోర్నియా ఇన్యో కౌంటీలో నువ్వు 65 మైళ్ళ స్పీడులో దాటేసే బిషప్, బిగ్ పైన్, ఇండిపెండెన్స్, లోన్ పైన్ అనే ఊర్లు ఉన్నాయే, ట్రిప్ అంతా అక్కడే పెట్టుకో. వెగాస్ ఎప్పుడైనా ఫ్లైట్‌లో వెళ్ళొచ్చు. డెత్ వ్యాలీ కూడా ఇన్యో కౌంటీలోదే కానీ సెప్టెంబర్లో అక్కడ ఇంకా నలభై డిగ్రీల ఎండ ఉంటుంది, మీ నాన్నకి ఎండ చూపించడానికి అమెరికా దాకా తీసుకురావాలా చెప్పు. అది డిసెంబర్లో చూడండి.

నిజానికి బావగారికి ఈ ఊర్లున్న ఓవెన్స్ లోయ బాగా అర్థమవుతుంది, అనంతపురం మనిషి కదా. పడమటి కనుమలు మబ్బుల్ని ఆపేస్తే మనకి వాన ఎలా రాదో ఇక్కడ సియెరా కొండలు అదే పని చేస్తాయి, ఇవతల వైపు అంతా ఎండు నేల. ఈ కౌంటీ, విడిపోకముందున్న మన అనంతపురం జిల్లా కంటే పెద్దది, జనం మాత్రం మొత్తం కలిపి 19 వేలు. పైనుంచి కరిగి వచ్చే మంచు నీళ్ళేమో 1913 నుంచి కాలవలో లాస్ ఏంజెలెస్ పోతున్నాయి, లోన్ పైన్ కింద ఓవెన్స్ లేక్ అని మ్యాప్‌లో నీలంగా కనిపించేది దాంతోనే ఎండిపోయింది. లోయలో భూములు కూడా చాలా వరకు ఆ సిటీ కొనేసుకుంది, అందుకే ఊర్లు పెరగలేదు, కొత్త హోటళ్ళు పెద్దగా రాలేదు. కాబట్టి వెళ్ళాక చూసుకుందాంలే అని బయల్దేరకు.

సియెరా దాటడానికి టయోగా పాస్ అనే కనుమ దారి మీదుగా వెళ్ళండి, మంచు పడితే మూసేస్తారు గానీ అప్పటికి మామూలుగా తెరిచే ఉంటుంది, ముందురోజు మాత్రం చెక్ చేసుకో. దాదాపు పదివేల అడుగులు ఎక్కి దిగుతారు కాబట్టి ఆ రోజు ఇంకేం పెట్టుకోకు, బిషప్‌లో దిగి పడుకోండి. అక్కడ రెండు రాత్రులు. బిషప్ నాలుగువేల అడుగుల పైచిలుకు, అమ్మ బీపీకి ఇబ్బంది ఉండదు, హాస్పిటల్ ఉంది, వాన్స్ అనే సూపర్ మార్కెట్ ఉంది, కూరగాయలు పెరుగు అన్నీ దొరుకుతాయి. షాట్స్ బేకరీ దగ్గర వీకెండ్ జనం విరగబడతారు, పొద్దున్నే వెళ్ళు.

రెండోరోజు మధ్యాహ్నం లోపు లేక్ సబ్రైనాకి పోండి, అరగంట డ్రైవ్, ఆ దారి పొడుగునా ఆస్పెన్ చెట్లు సరిగ్గా అప్పుడే పసుపెక్కడం మొదలవుతుంది, అమ్మ కారు దిగక్కర్లేకుండానే చూసేయొచ్చు. నార్త్ లేక్ రోడ్డు మాత్రం ఎక్కకు, సన్నగా ఉంటుంది, ఎదురుగా కారొస్తే పక్కన లోయ చూసి మీ నాన్న మాట్లాడటం మానేస్తారు.

మూడోరోజు లోన్ పైన్ పోతూ దారిలో బిగ్ పైన్ దగ్గర 168 మీద తిరిగి బ్రిసిల్‌కోన్ పైన్ చెట్ల దగ్గరికి ఎక్కండి. ఇది మాత్రం మిస్ కావద్దు. కొన్ని చెట్లు నాలుగువేల ఏళ్ళు పైబడినవి, మెథూసెలా అనే చెట్టుకి 4,800 దాటాయి, అది ఏదో మాత్రం చెప్పరు, ఎవరో ఒకరు చెక్కేస్తారని భయం (మన గుళ్ళ గోడలు చూసినవాళ్ళకి ఆ భయం కొత్తేం కాదు). షుల్మన్ గ్రోవ్ దాకా తారు రోడ్డే, కానీ అది పదివేల అడుగులు, పైన నీళ్ళు లేవు, కారుకి పెట్రోలు లేదు, ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు, అన్నీ కిందే నింపుకో. మైలు పొడుగు ట్రెయిల్ ఒకటి ఉంది, నువ్వు తిరుగు, అమ్మని పార్కింగ్ పక్కన చెట్ల దగ్గర కూర్చోబెట్టు, తలనొప్పి అందంటే ఇంకేం ఆలోచించకుండా కిందికి దిగిపో.

దిగాక ఇండిపెండెన్స్ దాటి మాంజనార్. 1942లో, రెండో ప్రపంచ యుద్ధం టైములో, పదివేల మంది జపనీస్ అమెరికన్లని, ఎక్కువ మంది ఇక్కడ పుట్టిన పౌరులే, తెచ్చి ముళ్ళకంచె వెనక పెట్టిన చోటు. టికెట్ లేదు. మీ నాన్న చరిత్ర పుస్తకాలు చదివే మనిషి, తొందరపెట్టకు, రెండు గంటలు వదిలేయ్.

లోన్ పైన్‌లో ఒక రాత్రి ఎందుకంటే అలబామా హిల్స్ అనే రాళ్ళ గుట్టలు తెల్లారుజామునే చూడాలి. సియెరా పడమట ఉంది కాబట్టి సూర్యుడి మొదటి వెలుగు కొండల ముఖాన పడుతుంది, సాయంత్రం వెళ్తే కొండ నీడ తప్ప ఏం ఉండదు. ఊర్లోంచి అన్నిటికంటే ఎత్తుగా కనిపించే శిఖరం చూపించి అదే మౌంట్ విట్నీ అనేయకు, అది లోన్ పైన్ పీక్, 14,505 అడుగుల విట్నీ దాని పక్కన వెనక్కి ఉంటుంది. తర్వాత విట్నీ ఎక్కే కాలిదారి మొదలయ్యే విట్నీ పోర్టల్ దాకా కారులో పోండి, జలపాతం ఉంది. అక్కడ ఎలుగుబంట్లతో జాగ్రత్త, మీ అమ్మ కారులో ఆవకాయ, పులిహోర లేకుండా బయల్దేరదు, నా అక్క కదా నాకు తెలుసు, అవన్నీ తీసి అక్కడున్న ఇనప పెట్టెల్లో పెట్టాల్సిందే, లేకపోతే డోర్ పీకేస్తాయి. విట్నీ ఎక్కాలనుంటే నీ ఫ్రెండ్స్‌తో ఇంకోసారి, పర్మిట్ లాటరీ ఫిబ్రవరిలో.

ఇంకోటి, ఊరు వచ్చేసరికి 65 ఒక్కసారిగా 25-35కి పడిపోతుంది, పోలీసులు స్పీడింగ్ టికెట్లు బాగా రాస్తారు. వచ్చేటప్పుడు టెహాచపీ, బేకర్స్‌ఫీల్డ్ మీదుగా రండి, బేకర్స్‌ఫీల్డ్‌లో ఇండియన్ భోజనం దొరుకుతుంది. అప్పటిదాకా లోన్ పైన్‌లో వెజ్ అంటే పిజ్జా, బీన్ బరీటోలే, మా ఇంట్లో చిన్న రైస్ కుక్కర్ ఉంది, పట్టుకెళ్ళు. రూములు ఈ వారంలోనే బుక్ చేసి తేదీలు నాకు పంపు.

మీ మావయ్య