కొత్త బోర్డును తిట్టే ముందు బల్ల మీద ఏమున్నాయో చూడండి

పాత ల్యాప్‌టాప్‌కి మదర్‌బోర్డు మార్చాక లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది, కొత్త బోర్డు కూడా పోయినట్టేనా అని అడిగారు. పోలేదు. మీ ల్యాప్‌టాప్‌ను నేను కళ్లతో చూడలేదు, అయినా ఘంటాపథంగా చెబుతున్నాను. ఇలాంటి చోట తప్పు బోర్డుది కాదు, బిగించిన చేతిది. అందులో నా చెయ్యి కూడా ఉంది.

పదేళ్ల నాటి నా ల్యాప్‌టాప్‌కి బోర్డు నేనే మార్చాను. సాయంత్రం మొదలుపెడితే అర్ధరాత్రి దాటింది. అడుగు మూత స్క్రూలు తర్వాత బిగిద్దామని పళ్లెంలోనే ఉంచి బటన్ నొక్కితే, సరిగ్గా మీరు చెప్పిన పరిస్థితే. ర్యామ్ తీసి మళ్లీ పెట్టాను, రెండింటిలో ఒకటే ఉంచి చూశాను. చార్జర్, బ్యాటరీ రెండూ తీసేసి బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టాను. తెర కేబుల్‌ను ఊడదీసి మళ్లీ గుచ్చాను. ఊహూఁ. బోర్డు అమ్మినవాణ్ణి మనసులో నానా మాటలూ అనేశాను.

ఇక పడుకుందామని గదిలో లైటు ఆర్పి, ఎందుకో ఫోను టార్చిని తెర మీద ఏటవాలుగా వేశాను. లోపల అక్షరాలున్నాయి! మంచులో దూరాన కనిపించే మనిషిలా మసకమసకగా, తేదీ, సమయం సరిచేయమని, విండోస్ కన్నా ముందే నడిచే బయోస్ అనే ప్రోగ్రాం అడుగుతోంది. అంటే బోర్డు బతికే ఉంది, ర్యామ్ బాగుంది, తెరకు బొమ్మ కూడా చేరుతోంది. తెర వెనక ఉండే లైటు, బ్యాక్‌లైట్, ఒక్కటే వెలగడం లేదు. మళ్లీ విప్పాలి కాబోలు అనుకుంటూ, కీబోర్డు అంచుకు ఆనించి పెట్టిన స్క్రూల పళ్లేన్ని పక్కకు జరిపాను. తెర ఠక్కున వెలిగింది. మళ్లీ అక్కడే పెట్టాను, ఆరిపోయింది.

స్క్రూలు దొర్లిపోకుండా ఆ పళ్లెం అడుగున అయస్కాంతం ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో తెర ఉండే మూత అంచులోనూ ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. కింది భాగంలో దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఉంటుంది. పళ్లెం పక్కన ఉన్నంతసేపూ నా ల్యాప్‌టాప్ మూత మూసే ఉందనుకుని తెర లైటు ఆర్పేసింది, పాపం. మూడు గంటలు నేను రిపేరు చేసింది ఆ పళ్లేన్నే.

స్క్రూల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, ఒకే యంత్రంలో మూడు రకాల పొడవులు ఎందుకండీ? పొట్టిది ఉండాల్సిన చోట పొడవుది బిగిస్తే బోర్డుకు తగిలి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. ఒకటి లెక్క తగ్గిందంటే అది బోర్డు కింద ఉందేమో చూడకుండా కరెంటు ఇవ్వకండి.

తెర వచ్చాక విండోస్ నీలి తెర చూపించి ఆగిపోతే, "ఫార్మాట్ చేసేయండి" అనేవాళ్లు తప్పకుండా తయారవుతారు. తలనొప్పికి తల తీసేయమనే వైద్యం అది. వాళ్ల మాట వినకండి. డిస్కుతో బోర్డు మాట్లాడే పద్ధతి పాత బోర్డులో ఏహెచ్‌సీఐ అయి, కొత్తదానిలో రెయిడ్ అయితే ఇలాగే అవుతుంది. బయోస్‌లో ఆ ఒక్కటీ మార్చి చూడండి. డిస్కుకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగినా కంగారు పడకండి. ఆ తాళం తీసే టీపీఎం అనే చిప్పు పాత బోర్డుతోపాటే వెళ్లిపోయింది మరి. ఆ కీ చాలావరకు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దొరుకుతుంది.

ముందు టార్చి వేసి చూడండి. ఏమీ కనిపించకపోతే కేబుల్‌తో టీవీకి కలిపి చూడండి. అక్కడా బొమ్మ రాకపోతే, సరే, నా ఘంటాపథాన్ని వెనక్కి తీసుకుంటాను, బోర్డు తిరిగి పంపేయండి.