రేకుల గదిలో పాత వాల్వు రేడియో, క్యాసెట్ డెక్: వైజాగ్‌లో చలికాలం ఎలా దాచాలి?

పెదవాల్తేరులో మేడ మీది రేకుల గదిలో తాతగారి వాల్వు రేడియో, క్యాసెట్ డెక్ దీపావళి నుంచి శివరాత్రి దాకా ఉంచాలి, పాలిథీన్ కవరు చుట్టేస్తే చాలా అని అడిగారు. చాలదండి. వట్టి కవరు చుడితే ఇంకా చేటు.

మన ఊరి చలి వాటినేం చేయదు. చేసేది ఉప్పు. సముద్రపు గాలికి చాసిస్ (సెట్టు లోపలి లోహపు చట్రం) మీద పట్టిన ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే తనే నీరు లాక్కుని తడిసిపోతుంది. తుప్పు, కిలుము, కరెంటు లీకేజీ అన్నీ అక్కడే మొదలు. పైగా రాత్రి రేకు గాలికంటే ఎక్కువ చల్లబడి, తెల్లారేసరికి లోపలివైపు చెమ్మ చుక్కలు కట్టి కారుతుంది. కవర్లో చిక్కిన తేమకూ అదే గతి. వీలుంటే కింద ఇంటి నడిమి గదిలో, బయటి గోడకు ఆనకుండా పెట్టండి.

ముందు ఉప్పు తీయాలి. ప్లగ్ పీకి, పెద్ద కండెన్సర్లలో మిగిలిన చార్జిని 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌తో దించి, మీటరుతో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. చాలామంది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తారు గానీ ఉప్పు అందులో దాదాపు కరగదు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి గట్టిగా పిండిన నూలుగుడ్డతో చాసిస్ రేకు తుడవండి, ఆ తర్వాత ఆల్కహాల్‌తో తడి లాగేయండి. ట్రాన్స్‌ఫార్మర్‌కి, కాయిల్స్‌కి నీరు తగలనివ్వొద్దు. డయల్ గాజు వెనక అక్షరాలున్న వైపు అసలు ముట్టుకోకండి. ఒక్క తుడుపుకే ‘సిలోన్’ అన్న స్టేషన్ పేరు గుడ్డకంటుకుని వచ్చేస్తుంది. వాల్వుల మీది నంబర్లూ అంతే.

రబ్బరు అంచు మూత గట్టిగా పట్టే 50–60 లీటర్ల డబ్బాలో సెట్టు పెట్టి, అర కిలో సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) గుడ్డసంచిలో వేసి, తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఉంచండి. 40–50 శాతం మధ్య ఉంటే మంచిది. 60 దాటినా, నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగినా ఆ గుళికల్ని 120 డిగ్రీల్లో రెండు మూడు గంటలు ఎండబెట్టాలి. నీలం రంగు కోబాల్ట్ విషం కాబట్టి వంట గిన్నెలు వాడొద్దు. డబ్బాని రేకుకి దూరంగా, ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి.

పురుగులకని కలరా ఉండలు వేయకండి, కొన్ని ప్లాస్టిక్కులు వాటి ఆవిరికి మెత్తబడతాయి. పవర్ వైరు థర్మోకోల్‌కి తగిలినా కరిగించి అంటుకుపోతుంది, నూలుగుడ్డ చుట్టండి. సెల్స్ తప్పకుండా తీసేయండి. డెక్‌లో ప్లే మీట నొక్కి వదిలేస్తే పించ్ రోలర్ (టేపును లాగే రబ్బరు చక్రం) మీద గుంట పడి, తర్వాత పాట వణుకుతుంది. క్యాసెట్లను చివరిదాకా ఒక్కసారి తిప్పి నిలబెట్టి ఉంచండి.

శివరాత్రి తర్వాత తీసినప్పుడు మూత వెంటనే తెరవొద్దు. డబ్బా ఒక రోజు గదిలో ఉంచితే లోపలి లోహం గది వేడికి వస్తుంది, చెమ్మ పట్టదు. రేడియోని నేరుగా 230 వోల్టులకు పెట్టకండి. పాత కాగితపు కండెన్సర్లు తేమ పీల్చుకుని ఉంటాయి. ముఖ్యంగా స్పీకరును నడిపే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి (పాట సంకేతం అందుకునే కాలికి) వెళ్ళే కప్లింగ్ కండెన్సర్ లీకైతే వాల్వు, దాని వెంట ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతాయి. దాన్ని అదే విలువ గల 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్‌తో మార్చాకే, 40 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో, అంటే రేడియోకి కరెంటు దాని గుండానే వెళ్ళేలా పెట్టి ఆన్ చేయండి, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ముందు వెలిగి మందగిస్తే సరే. ప్రకాశం తగ్గకపోతే వెంటనే ప్లగ్ పీకేయండి. ఏసీ-డీసీ సెట్టయితే (మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేని రకం) చాసిస్‌కే కరెంటు ఉండొచ్చు, ప్లగ్ ఉండగా ముట్టుకోకండి.