పిల్లి పాలవుతున్న పెరటి కోడిగుడ్లు

ప్రశ్న: మాది గజపతినగరం మండలం. పెరట్లో పన్నెండు పెట్టలున్నాయి, కొన్ని నాటువి, కొన్ని వనరాజా అనే మేలురకం. వసారాలో కట్టిన గంపల్లో, గడ్డివాములో గుడ్లు పెడతాయి. రెండు నెలలుగా మాకు సగం గుడ్లు కూడా దక్కడం లేదు. పెంకులు, సొన మరకలు కనిపిస్తున్నాయి. పక్కింటి పిల్లి గంపలో కూర్చుని నాకుతుంటే మా అబ్బాయి చూశాడు. గంపలు ఎత్తుగా కట్టినా ఆగలేదు. గుడ్డులో మందు పెట్టమని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు సార్?
– ఒక మహిళా రైతు, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా మందు సంగతి. దయచేసి ఆ పని చేయవద్దు. ఎలుకల మందు గాని, పొలానికి తెచ్చిన గుళికలు గాని పెట్టిన గుడ్డు పెరట్లో పగిలితే మొదట పొడిచేది మీ కోళ్లే. చిన్నపిల్లలు తిరిగే చోట దాని జోలికే పోకూడదు. పిల్లిని విషం పెట్టి చంపడం చట్టరీత్యా నేరం కూడా. అదీగాక ఆ పిల్లి పోతే ఎలుకలు, పందికొక్కులు పెరుగుతాయి. పందికొక్కు గుడ్లనే కాదు, కోడిపిల్లలను కూడా ఎత్తుకుపోతుంది.

మీ అబ్బాయి చూసింది నిజమే అయినా, అన్ని గుడ్లూ పిల్లే తింటోందని అప్పుడే అనుకోవద్దు. గట్టి పెంకు గుడ్డును కొరికి పగలగొట్టడం పిల్లికి అంత తేలిక కాదు. చాలాసార్లు అప్పటికే పగిలిన గుడ్డును నాకి రుచి మరుగుతుంది. సాయంత్రం గంపల కింద, గడ్డివాము దగ్గర మెత్తటి బూడిద పలుచగా చల్లి, పొద్దున్నే చూడండి. పిల్లి అడుగు గుండ్రంగా, నాలుగు వేళ్లతో ఉంటుంది, గోళ్ల గుర్తులు పడవు. ముంగిస అడుగులో గోళ్లు కనిపిస్తాయి. అయితే ముంగిస ఎక్కువగా పగటిపూట వస్తుంది కాబట్టి మధ్యాహ్నం కూడా ఒకసారి చూడాలి. పాము వస్తే పెంకు ముక్క కూడా మిగలదు, గుడ్డును అలాగే మింగేస్తుంది. గడ్డివాములో చేయి పెట్టే ముందు కర్రతో కదిలించడం మరిచిపోకండి. బూడిదలో ఏ అడుగూ లేకుండా గంపలోని గడ్డి మాత్రం సొనతో తడిసి, ఏదైనా పెట్ట ముక్కుకు పసుపు అంటుకుని ఉంటే, దొంగ ఆ పెట్టే.

మీరు రాసిన దాన్నిబట్టి అసలు కారణం పెంకు పలుచబడి గుడ్లు గంపలోనే పగలడం కావచ్చని నా అనుమానం. ఒక్కో గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. మన పెరటి కోళ్లకు వేసే నూకలు, తవుడులో అది చాలా తక్కువ. చోళ్లలో (రాగుల్లో) ఎక్కువే, కానీ 100 గ్రాములు తిన్నా మూడో వంతు గ్రాముకు మించి అందదు. నాటు పెట్ట కొన్ని గుడ్లు పెట్టి పొదుగుకు వస్తుంది కాబట్టి ఎలాగో సర్దుకుంటుంది. వనరాజా ఏడాదిలో దానికంటే చాలా ఎక్కువ గుడ్లు పెడుతుంది, లోటు దానిలోనే ముందు బయటపడుతుంది. దాణా అమ్మే దుకాణంలో గుల్లల పొడి దొరుకుతుంది. దాన్ని మేతలో కలపకుండా విడిగా ఒక మూకుడులో పెట్టండి, కావలసిన పెట్ట కావలసినంత తింటుంది. గోడలకు వేసే సున్నం మాత్రం పెట్టకూడదు, నోరు, గొంతు కాలుతాయి. వంటింటి గుడ్డు పెంకులను అలాగే పెరట్లో పారేయకండి. కోళ్లకూ పిల్లికీ మనమే రుచి నేర్పినట్లవుతుంది. ఎండబెట్టి, మెత్తగా దంచి మూకుడులో వేయండి. మూడు వారాలైనా తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు), పలుచటి పెంకులు తగ్గకపోతే జబ్బు ఉందేమో చూడాలి. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకులకు గాని, మీ జిల్లాలోనే గరివిడిలో ఉన్న పశువైద్య కళాశాలలో గాని చూపించండి.

ఇక గంపల సంగతి. ఎత్తు పెంచడం వల్ల పిల్లి ఆగదు, అయిదడుగులు అవలీలగా ఎగురుతుంది. రంధ్రం చిన్నది చేసినా లాభం లేదు, పెట్ట దూరే దారిలో పిల్లీ దూరుతుంది. అందుకని పెట్ట గుడ్డు పెట్టగానే ఆ గుడ్డు పిల్లికి అందని చోటికి పోయేలా గూడు మార్చాలి. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న చెక్కపెట్టె చాలు. అడుగుపలకను ముందు నుంచి వెనక్కి రెండంగుళాలు వాలుగా బిగించి, గోనెపట్టా బిగువుగా పరచండి. వెనక పలక కింద రెండున్నర అంగుళాల సందు వదిలితే గుడ్డు దొర్లి అవతలి అరలోకి వెళుతుంది. ఆ అరను జానెడుకు తగ్గకుండా వెడల్పుగా చేసి, ఊక పోసి, పైన గొళ్లెం ఉన్న మూత పెట్టండి. పిల్లి పంజా అక్కడిదాకా అందదు, గుడ్లు తినే పెట్ట ముక్కూ అందదు. నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె చొప్పున మీకు మూడు కావాలి. కొత్తలో పెట్టలు ఎక్కకపోతే గుడ్డంత నున్నటి తెల్లరాయిని గోనెకు కుట్టి ఉంచండి, దాన్ని చూసి కూర్చుంటాయి.

పెట్టెలు తయారయ్యేదాకా కోళ్లను పొద్దున పది గంటల వరకు గూటిలోనే మూసి ఉంచి, మేత, నీళ్లు అక్కడే ఇవ్వండి. చాలా పెట్టలు మధ్యాహ్నం లోపే గుడ్డు పెట్టేస్తాయి. పదింటికి ఒకసారి, మధ్యాహ్నం ఇంకోసారి గుడ్లు తీసేస్తే, సందె వేళ తిరిగే పిల్లికి దొరికేది ఉండదు. దీనికి పైసా ఖర్చు లేదు, రేపటినుంచే మొదలుపెట్టవచ్చు.

ఖాళీ గుడ్డులో కారం నింపి పెట్టడం విషం కంటే మేలే. కారం పిల్లికి మంట పుట్టిస్తుంది, కాని కోళ్లకు ఆ మంట తెలియదు. కోడిపెట్టే దొంగయితే మీ కారం వృథా. పిల్లి విషయంలోనూ అది కొద్దిరోజుల ఉపాయమే.

పొదిగించాలనుకున్న గుడ్లను కూడా గంపలో పోగుపడనివ్వకండి. ఏరోజువి ఆరోజు తీసి, తేదీ రాసి, ఇంట్లో చల్లని చోట వెడల్పు కొన పైకి ఉండేలా నిలబెట్టండి. వారం లోపు గుడ్లన్నీ ఒకేసారి పొదుగుకు వచ్చిన పెట్ట కింద పెడితే 21వ రోజు ప్రాంతంలో పిల్లలన్నీ దాదాపు ఒకేసారి దిగుతాయి. పొదిగే పెట్టను తలుపున్న గదిలో ఉంచండి. పిల్లలు దిగాక మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే గుడ్డు కంటే కోడిపిల్లే పిల్లికి ఎక్కువ ఇష్టం. మొదటి ఆరు వారాలు రాత్రిళ్లు అరంగుళం కన్నుల ఇనుప వల బిగించిన గూటిలో తల్లితో సహా మూసి పెట్టండి. పెద్ద కన్నుల వలలోంచి పిల్లి పంజా దూర్చి లాగేస్తుంది.